ఎక్స్-రే ఫొటోకు రంగులెలా వస్తాయి?

ఎక్స్-రేలు కంటికి కనబడవు. మరి పేలిపోయిన నక్షత్రం కాసియోపియా-ఎ ఫొటోలో అన్ని రంగులెక్కడివి?

ఆ ఫొటో తీసింది 1999లో అంతరిక్షానికి వెళ్లిన చంద్ర టెలిస్కోపు. అది తనను తాకిన ఒక్కో ఎక్స్-రే కణం ఎక్కడ పడిందో, ఎప్పుడు పడిందో, ఎంత శక్తితో పడిందో నమోదు చేస్తుంది. కంప్యూటర్ వాటిని శక్తిని బట్టి వేరుచేస్తుంది. కోట్ల డిగ్రీల వేడిలో కాగే వాయువులో ఒక్కో మూలకం తనకే సొంతమైన శక్తుల్లో ఎక్స్-రేలు వెదజల్లుతుంది మరి! సిలికాన్‌కు ఎరుపు, గంధకానికి పసుపు, ఇనుముకు ఊదా రంగు వేసింది శాస్త్రవేత్తలే. అందంకోసం కాదు, ఏది ఎక్కడుందో తెలియడానికి.

అసలు మజా ఆ ఫొటోను చదవడంలో ఉంది. ఇనుము పుట్టేది నక్షత్రం నడిబొడ్డున. ఇక్కడేమో కొన్నిచోట్ల ఊదా రంగు ఎరుపును దాటి బయటికొచ్చింది! అంటే పేలుడు ధాటికి లోపలి సరుకు పైకి తన్నుకొచ్చిందన్నమాట.