రోడ్డురోలరు చేయు పని

మన కనేరిలో రోడ్డు వేయుచున్నప్పుడు, బడి వదలిన పిల్లలు రోలరు చుట్టును గుమిగూడుట పరిపాటి. అది చేయు పనియేమని వారు ఇంట అడిగినచో తల్లిదండ్రులు చెప్పుటకు వీలుగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మట్టిలో రేణువులతోపాటు నీరును గాలియు నుండును. రోలరు రేణువులను దగ్గరకు జేర్చి గాలిని వెడలగొట్టును, నీటిని కాదు. నీరు మిక్కిలి తక్కువైనచో రేణువులు ఒండొంటితో ఒరసికొని కదలవు. ఎక్కువైనచో ఆ నీరే చోటు నాక్రమించి, మట్టి చక్రము క్రింద మెత్తగా ఊగులాడును. తగిన తేమయందే మట్టి బాగుగా గట్టిపడును. 1933లో అమెరికాలో ప్రాక్టరు అను ఇంజనీరు ఈ సూత్రమును పరీక్షాపూర్వకముగా వివరించెను. తెలంగాణపు పల్లెలలో మొరము పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో నేల కొట్టిన మన పెద్దలకు ఈ సంగతి చేతి అనుభవముచే తెలిసియే యుండెను.

రోలరు ఎంత బరువైనదైనను దాని ఒత్తిడి లోతునకు పోను పోను తగ్గును. కావున మట్టిని సుమారు 20 సెంటీమీటర్ల పొరలుగా పరచి, ఒక్కొక్క పొరను వేరుగా తొక్కింపవలెను. గొట్టములకై త్రవ్విన గోతిని ఒకేసారి పూడ్చి పైన మాత్రము రోలరు నడపినచో, పైపొర గట్టిపడి అడుగు వదులుగానే మిగులును. తొలివానలకు నీరు దిగును. కార్ఖానాకు నూలు మోయు టెంపో చక్రము అచ్చటనే క్రుంగును. ఆ బురదగుంటను దాటియే మన పిల్లలు బడికి రావలసియుండును. పైకి కాంక్రీటు వేసినను అడుగు పొరను తొక్కింపక తప్పదు.

బంకమట్టికి నున్నని చక్రము చాలదు; గొఱ్ఱె గిట్టలవంటి దిమ్మలుగల రోలరు కావలెను. ఇసుకకు, కంకరకు కంపించు రోలరు మేలు. కుంచమును తట్టినప్పుడు గింజలు దిగినట్లు, ఆ అదురునకు రేణువులు సర్దుకొనును.

తారు రోడ్డునకు నీటికి మారుగా వేడిమియే సాయము. వేడిలో తారు పలుచనై రాళ్లు సర్దుకొనుటకు తోడ్పడును. సుమారు 90 డిగ్రీలకు చల్లారకముందే ముఖ్యమైన తొక్కుడు ముగియవలెను. పిమ్మట నడిపిన ప్రయోజనము స్వల్పము, రాళ్లు పగులుటయు కలదు. తిన్నని రోడ్డుపై రోలరు అంచులనుండి నడుమకు జరుగును. అంచులు ముందు బిగిసినచో నడిమి మిశ్రమము ప్రక్కకు జారదు. చక్రముపై నీరు చిలుకుట తారు అంటుకొనకుండుటకే.

మరియొక మాట. రోలరు మాటిమాటికి వెనుకకు మరలును. దగ్గరి నేల నడపువానికి సరిగా కనిపింపదు. పిల్లలు తప్పక చూడవలసినదే, కాని పది గజములు ఎడముగా నిలిచి చూడుడని చెప్పి పంపగోరుచున్నాము.