గర్భిణికి ‘24 గంటల నొప్పి’ వస్తే

మన ఇళ్లలో ‘24 గంటల నొప్పి’గా పేరుపడిన అపెండిసైటిస్ సుమారు 1500 మంది గర్భిణులలో ఒకరికి వస్తుంది. దానిని గుర్తించడం వైద్యులకే కష్టం. వికారం, వాంతులు వేవిళ్లలోనూ ఉంటాయి. రక్తంలో తెల్లకణాలు గర్భవతికి సహజంగానే పెరుగుతాయి. గర్భం ఎదిగేకొద్దీ అపెండిక్స్ పైకి జరుగుతుందని బేర్ అనే వైద్యుడు 1932లోనే ఎక్స్‌రేలతో చూపాడు. ఆ నొప్పిని పిత్తాశయపు రాళ్లుగానో, మూత్రపిండాల జబ్బుగానో పొరబడటం అందువల్లనే. అయితే ఎక్కువమందికి నొప్పి కుడి పొత్తికడుపులోనే ఉంటుందన్నది మరువరాదు.

గ్యాసనీ, వేడి చేసిందనీ రెండు రోజులు గడిపితే అపెండిక్స్ పగలవచ్చు. అప్పుడు శిశువును కోల్పోయే ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. లేని జబ్బుకు కోత పెట్టడమూ గర్భానికి మంచిది కాదు. కనుకనే మొదట అల్ట్రాసౌండు, అందులో తేలకపోతే ఎమ్మారై చేస్తారు. ఈ రెండింటిలోనూ ఎక్స్‌రే కిరణాలు ఉండవు. జబ్బు నిర్ధారణ అయితే శస్త్రచికిత్స గర్భంతో ఉండగానే చేస్తారు.

తుగ్గలి నుండి ఆదోనికో, కర్నూలు పెద్దాసుపత్రికో పోవలసినవారికి ప్రయాణమే కొన్ని గంటలు మింగుతుంది. 108కి ఫోను చేయడానికి తెల్లవారేదాకా ఆగరాదు. పురుష వైద్యుడు పరీక్షిస్తాడన్న సంకోచం మరొకటి. వైద్యురాలు దొరకనప్పుడు అవసరం మేరకు ఆయనకు చూపించుకోవడానికి షరీఅత్ అనుమతి ఉంది. ఈ సంగతి కోడలి కన్నా ముందు అత్తగారికి తెలియాలని మా మనవి. తగ్గని నొప్పికి జ్వరం, అరుచి తోడైతే, “అపెండిక్స్ ఏమో చూస్తారా డాక్టరుగారూ?” అని ఇంటివారే అడగవచ్చు.