కానరాని భూతం

అర్ధరాత్రి వేళ గుడారం కదిలినది. లోపల నిద్రించుచున్న యువజనులు ఉలికిపడి లేచి చీకటిలోనికి పరుగెత్తినారు. అంత భయంలోను కెమెరాను మాత్రం విడువలేదు. పరుగెత్తుచునే ఆ యువతి ప్రక్కకు చూచి, అదేమిటని గొంతు చించుకొని అరచినది. ప్రేక్షకునికి అక్కడ ఏమీ కనిపించదు. ఊగిపోవు కొమ్మలు, దీపపు వెలుగులో ఒక్క క్షణం మెరసిన ఆకులు, ఆపైన చీకటి, అంతే. 1999లో విడుదలైన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ అను అమెరికా చిత్రంలోని ఘట్టమిది.

ఇంతకు ఆమె చూచినదేమిటి? సమాధానం వింటే నవ్వు వచ్చును. ఆ చిత్రానికి కళాదర్శకుడుగా ఉన్న వ్యక్తి తెల్లని లోదుస్తులు తొడుగుకొని, ముఖానికి పలుచని మేజోడు బిగించుకొని, చెట్ల సందున వారి ప్రక్కగా పరుగెత్తినాడు. కెమెరా అటు తిరిగి అతనిని పట్టుకొనవలెనని ఏర్పాటు. పరుగుతొందరలో ఆ మాట ఎవరికీ తోచలేదు. భూతం వచ్చినది, పోయినది, తెరపై మాత్రం పడలేదు. పడియున్నచో ప్రేక్షకులు కుర్చీలలో బిగుసుకొనుటకు మారుగా పకపక నవ్వియుందురేమో!

విహారానికో విద్యకో అడవికి పోయిన యువజనం దారి తప్పుట, ఏదో ఒక ప్రాణి వారిని వెంటాడి ఒక్కొక్కరినే కబళించుట చలనచిత్ర రంగంలో మిక్కిలి పాతబడిన కథ. చేతిలో సొమ్ము లేని నిర్మాతలకు ఇది ప్రీతిపాత్రం. అడవికి సెట్టింగుల ఖర్చు లేదు, సూర్యునికి జీతం ఇవ్వనక్కరలేదు, పేరు లేని నటులు స్వల్ప వేతనానికే వత్తురు. చిక్కు వచ్చునది ఆ ప్రాణితోనే. దారిద్ర్యం బయటపడునది అక్కడనే. 1953లో వచ్చిన ‘రోబోట్ మాన్‌స్టర్’ అను చిత్రంలో లోకాన్ని సంహరించ వచ్చిన రాక్షసునికి తగిన వేషం కుట్టించుటకు డబ్బు లేకపోగా, గొరిల్లా తొడుగుపై ఒక శిరస్త్రాణం బోర్లించి సరిపెట్టినారు. ఆ చిత్రాన్ని నేటికీ తలచుకొనువారున్నారు గాని, భయపడి కాదు.

డేనియల్ మిరిక్, ఎడ్వార్డో శాంచెజ్ అను ఇరువురు యువ దర్శకులు 1997 అక్టోబరులో మేరీలాండ్ రాష్ట్రంలోని సెనెకా క్రీక్ అడవిలో ఎనిమిది దినాలలో ఈ చిత్రాన్ని తీసినారు. చిత్రీకరణకైన ఖర్చు 35 వేల నుండి 60 వేల డాలర్ల వరకు ఉండునని చెప్పుదురు. హాలీవుడ్ లెక్కలలో అది చిల్లర పైకం. ముగ్గురు విద్యార్థులు ఒక పల్లెటూరి మంత్రగత్తెను గూర్చి వార్తాచిత్రం తీయుటకై 1994లో అడవికి వెళ్ళి అదృశ్యులైనారనియు, ఏడాది తరువాత వారి ఫిల్ము మాత్రమే దొరికినదనియు కథ. అనగా చిత్రంలో కనిపించునదంతా ఆ ముగ్గురు తీసినదే కావలెను. అందుచేత ప్రత్యేకించి ఛాయాగ్రాహకుని అవసరం కూడా అంతగా లేకపోయినది. నటులే కెమెరాలు మోసినారు. బొమ్మ వణికినచో అది వారి చేతి వణుకే.

వ్రాసి యిచ్చిన సంభాషణలు లేవు. ఏ పూట ఎటు నడువవలెనో దారి చూపు చిన్న యంత్రమొకటి చెప్పును. గమ్యం చేరిన తరువాత అక్కడ ఫిల్ము డబ్బీలలో ముగ్గురికీ వేరువేరుగా చీటీలు ఉండును. ఒకరి చీటీ మరొకరు చూడరాదు. కనుక ఒకరి కోపం మరొకరికి నిజంగానే అనూహ్యం. రాత్రివేళ దర్శకులు గుడారం చుట్టును తిరిగి కొమ్మలు విరచుదురు, పసిపిల్లల గొంతులు యంత్రంపై వినిపింతురు. దినదినానికి ఆహారం తగ్గించినారు. తెరపై ఆ ముగ్గురు విసుగుకొనుట, పోట్లాడుకొనుట, నీరసించి కూలబడుట కొంతవరకు నటన, మిగిలినది ఆకలి. నటన చాలించి మామూలు మనుష్యులుగా మాట్లాడుకొన దలచినప్పుడు పలుకుటకు ఒక సంకేతపదం మాత్రం వారికి ఇచ్చియుంచినారు.

అలంకారశాస్త్రం చదివినవారికి ఇక్కడ ఒక ముచ్చట తోచకపోదు. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు భయానక రసానికి విభావాలను చెప్పుచు, వికృత శబ్దాలతోపాటు శూన్యగృహాన్ని, అరణ్యగమనాన్ని కూడ చేర్చినాడు. ఈ చిత్రం వికృత శబ్దాల నడుమ అరణ్యంలో సాగి, పాడుబడిన ఇంటిలో ముగియును. ఆ దర్శకులు భరతుని చదివినారని కాదు. మనిషి భయపడు చోట్లు అంతగా మారలేదనియే దీని అర్థం. విశేషమేమనగా ఆలంబన విభావం, అనగా భయానికి మూలమైన ఆ భూతం, ఇందులో ఒక్కసారియైన కానరాదు. ఉద్దీపనాలు కలవు, వణుకు, గద్గదస్వరం వంటి అనుభావాలు కలవు. ఆ ఖాళీని ప్రేక్షకుడు తన మనస్సులోని భూతంతో పూరించుకొనును. ఒకరి భూతం మరొకరికి రాదు. దానిని కుట్టుటకు ఏ దర్జీకి ఇవ్వవలసిన పని లేదు.

ఈ మర్మం పాతవారికి తెలియనిది కాదు. 1942లో వాల్ లూటన్ నిర్మించిన ‘క్యాట్ పీపుల్’ చిత్రంలో చిరుతగా మారుదునని భయపడు యువతి కథను దర్శకుడు జాక్ టూర్నర్ చాలవరకు నీడలతోను, శబ్దాలతోను నడిపినాడు. అందులో ఈతకొలను ఘట్టమున్నది. గోడలపై ఆడు నీటి వెలుగు, ఎక్కడినుండియో గురగుర, అంతకు మించి అక్కడ ఏమీ లేదు. అదియును తక్కువ పెట్టుబడి చిత్రమే. మనకు దగ్గరలో రామ్‌గోపాల్‌వర్మ 2009లో తీసిన ‘అడవి’ కూడ ఈ కోవలోనిదే. అడవిలో చిక్కిన సినిమా బృందాన్ని కంటికి కనిపించని ప్రాణి ఒకటి వేటాడును. కాని కానరాకపోవుట ఒక్కటే చాలదు. వేటాడబడువారి ఆకలి, అలసట నమ్మదగినవిగా ఉండవలెను. బ్లెయిర్ విచ్ బలమంతయు అందులోనే కలదు.

ఆ నమ్మకం వెల ఎవరు చెల్లించినారు? 1999 జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో చిత్రం ప్రదర్శింపబడగా, ఒక పంపిణీ సంస్థ 11 లక్షల డాలర్లకు కొన్నది. ప్రపంచమంతట వసూలైనది దాదాపు 25 కోట్ల డాలర్లు. కథను నిజమని నమ్మించుటకు నటులను ప్రచారానికి దూరంగా ఉంచినారు. వారు అదృశ్యులైనట్లు ప్రకటనపత్రాలు వెలసినవి. పాత్రలకు పెట్టినవి నటుల సొంత పేర్లే: హెదర్ డానహ్యూ, మైకేల్ విలియమ్స్, జాషువా లెనర్డ్. కూతురు బ్రతికియుండగనే హెదర్ తల్లికి సానుభూతి కార్డులు వచ్చినవి. కథలో పేర్కొన్న బర్కిట్స్‌విల్ రెండు వందలకు లోపు జనమున్న నిజమైన పల్లె. మంత్రగత్తెను వెదకుకొనుచు వచ్చినవారు ఆ ఊరి పేరుపలకలను సైతం ఎత్తుకొనిపోయినారు.

తెరపై ముఖానికి దగ్గరగా కెమెరా పట్టుకొని, కన్నీరు ముక్కువెంట కారుచుండగా, తన తల్లికిని తోడివారి తల్లులకును క్షమాపణ చెప్పుకొన్న యువతి ఆ హెదరే. ఆ ఘట్టాన్ని తరువాత ఎందరో అనుకరించినారు, ఎందరో వెక్కిరించినారు. 2024 ఏప్రిల్‌లో ముగ్గురు నటులును బహిరంగ లేఖ ఒకటి ప్రకటించినారు. సంఘం అండ ఉన్నచో తమకు రాదగియుండిన రాబడిని ఇప్పుడైనను చెల్లించవలెననియు, ఇకపై ఆ కథతో తీయు చిత్రాలకు తమ పేర్లను, రూపాలను వాడదలచినచో తమతో సంప్రదించవలెననియు అందులో కోరినారు. ఆనాటికే హెదర్ ఆ పేరు విడిచిపెట్టి రే హాన్స్ అను వేరొక పేరు పెట్టుకొనియున్నది.