గిటారు మెడకు అతుకే అండ!

గిటారు కొనేటప్పుడు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. మెడ పైభాగాన, బిరడాలుండే తల దగ్గర సన్నటి గీత ఒకటి కనిపించిందా? ‘అమ్మో, విరిగిపోతే అతికించి అంటగడుతున్నారు’ అని పక్కన పెట్టేయకండి. చాలాసార్లు అది తయారీదారు కావాలని పెట్టిన అతుకు. ఇంకా చెప్పాలంటే, ఆ గిటారు ఎక్కువకాలం మన్నడానికి చేసిన ఏర్పాటు!

తల ఎందుకు వంచాలి?

చాలా గిటార్ల తల మెడతో సమంగా ఉండదు, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. మెడ చివరనుండే చిన్న అడ్డుపట్టీ మీదుగా తీగలు కిందికి దిగాలి. అప్పుడే అవి దాన్ని గట్టిగా నొక్కుతాయి, స్వరం స్పష్టంగా పలుకుతుంది. లేదంటే తీగ పట్టీలోనే కదిలి జరజరమంటుంది. అందుకే తలను సాధారణంగా 13 నుంచి 17 డిగ్రీల దాకా వంచుతారు.

చిక్కంతా ఆ వంపు దగ్గరే. చెక్కంటే నారల కట్ట. వెదురు బద్దను నిలువునా చీల్చడం తేలిక, అడ్డంగా విరవడం కష్టం. మెడలో నార పొడవునా సాగుతుంది కాబట్టి ఉక్కు తీగలు దాదాపు 70 కిలోల బలంతో లాగుతున్నా తట్టుకుంటుంది. అదే చెక్కలోంచి వాలుగా తలను కోస్తే మాత్రం నార తలవెంట సాగదు. ఒక పక్క మొదలై రెండోపక్కకు వచ్చి తెగిపోతుంది. తల మందం 15 మిల్లీమీటర్లు, వంపు 15 డిగ్రీలు అనుకుంటే అక్కడ ఏ నారా సుమారు 58 మిల్లీమీటర్లకు మించి ఉండదు. గిటారు వెనక్కి పడిందా... చెక్క అక్కడే నారవెంట చీలిపోతుంది.

గిబ్సన్ కథ

అమెరికాకు చెందిన గిబ్సన్ కంపెనీ 1952లో తెచ్చిన ‘లెస్ పాల్’ గిటారుది మహాగని మెడ. దాని తల 17 డిగ్రీలు వాలి ఉండేది. పైగా మెడ వంగిపోకుండా లోపల పెట్టే ఇనుప కడ్డీ మరను బిగించడానికి సరిగ్గా ఆ వంపు దగ్గరే చెక్కను తొలవాల్సి వచ్చింది. బలం తక్కువున్న చోటే బొరియ! ఈ గిటార్లు తల దగ్గర విరగడం మరమ్మతు చేసేవాళ్లకు బాగా తెలిసిన సంగతి.

కంపెనీ కూడా చూస్తూ ఊరుకోలేదు. 1960ల మధ్యలో వంపును 14 డిగ్రీలకు తగ్గించింది. 1970 ప్రాంతంలో మూడు చెక్కలు కలిపి మెడ చేసింది, వెనకవైపు చిన్న ఉబ్బు వదిలి మందం పెంచింది. పాతకాలపు రూపమే కావాలనే అభిమానులకు ఆ ఉబ్బు నచ్చలేదు. 1980ల తొలినాళ్లకు అది కనుమరుగైంది.

లియో ఫెండర్ మరో దారి పట్టారు. 1950లో మొదలైన ఆయన గిటార్లలో తలను వంచనేలేదు. మేపుల్ పలకలోంచి మెడనూ తలనూ తిన్నగా కోసి, తలను కాస్త కిందికి దించారు. కొన్ని తీగలను నొక్కిపట్టడానికి చిన్న కొక్కేలు పెట్టారు. నార తెగదు, చెక్కా వృథా కాదు.

కోసి... తిరగేసి...

వంపూ కావాలి, బలమూ కావాలంటే? దానికి జవాబే వాలు అతుకు. స్పెయిన్ సంప్రదాయ గిటార్ల తయారీలో ఇది ఎప్పటినుంచో ఉంది. 20 మిల్లీమీటర్ల మందమున్న పలకను 15 డిగ్రీల వాలులో కోస్తారు. చిన్న ముక్కను తిరగేసి పెద్దముక్క కింద అతికిస్తారు. అంతే, తల దానంతటదే వంగి కూర్చుంటుంది! తలలోని నార తలవెంట, మెడలోని నార మెడవెంట సాగుతాయి. జిగురు పట్టే జాగా దాదాపు 77 మిల్లీమీటర్ల పొడవుంటుంది కాబట్టి పట్టు గట్టిగా ఉంటుంది.

కలప ఆదా సరేసరి. 180 మిల్లీమీటర్ల తలను ఒకే చెక్కలో చెక్కాలంటే 60 మిల్లీమీటర్ల మందమున్న దుంగ కావాలి. అందులో చాలాభాగం పొట్టుగానే పోతుంది.

అయితే పనితనం ఉండాలి. నార తిన్నగా సాగే పలకనే ఎంచుకోవాలి. కోసిన రెండు ముఖాలనూ సందు లేకుండా చిత్రిక పట్టాలి. క్లాంపు బిగిస్తుంటే వాలుమీద ముక్కలు జారిపోతాయి. కొందరు జిగురులో నాలుగు ఉప్పురవ్వలు చల్లి ఆ జారుడును ఆపుతారు!

ఏకాండమే గొప్పా?

మనకు ‘ఏకాండం’ అంటే ఓ గౌరవం. బొబ్బిలి వీణకు ఆ పేరు రావడానికి ఒకే పనస దుంగలోంచి తొలవడం ఒక కారణం. అక్కడ దండి దుంగ పొడవునే సాగుతుంది, కాబట్టి నార దెబ్బతినదు. వాలిన గిటారు తల సంగతి వేరు. అక్కడ ఒకే చెక్క అన్న గొప్పే బలహీనత అవుతుంది.

మరి అతుకునూ విరుగుడునూ పోల్చుకోవడం ఎలా? తయారీలో వేసిన అతుకు గీత నున్నగా, రెండువైపులా ఒకేలా ఉంటుంది. విరిగి అతికినదైతే గీత వంకరటింకరగా, పీచులు లేచినట్టు ఉంటుంది. దట్టంగా రంగు వేస్తే మాత్రం రెండూ కనిపించవు.

ఇంటికి తెచ్చాక ఇంకో జాగ్రత్త. ఎలాంటి గిటారునైనా గోడకు చేరేసి వదిలేయకండి, స్టాండు మీద పెట్టండి. జారి వెనక్కి పడితే ముందుగా నేలను తాకేది ఆ తలే!