శనివారం దాకా మెత్తగా ఉండాల్సిన రొట్టె

యూదుల ఇళ్లలో శుక్రవారం సూర్యాస్తమయంతో సబ్బాతు మొదలవుతుంది. మర్నాడు చీకటిపడి చుక్కలు పొడిచేదాకా పొయ్యి వెలిగించరు, పిండి కలపరు, ఏదీ కాల్చరు. ఆ లోపల మాత్రం మూడు పూటలు రొట్టె ముందు పెట్టుకుని భోజనానికి కూర్చోవాలి. అంటే శుక్రవారం మధ్యాహ్నం ఓవెన్‌లోంచి తీసిన రొట్టె శనివారం సాయంత్రానికి కూడా తినేలా ఉండాలి. పాయలు తీసి జడలా అల్లి, పైన గుడ్డు సొన పూసి కాల్చే ఆ రొట్టె పేరు హల్లా. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం సమాజం ఉంది కాబట్టి సబ్బాతు మన నేలకు పూర్తిగా కొత్త కాదు. హల్లాలో కూరగాయ కలిపితే ఏమవుతుందన్నది మాత్రం మనవాళ్లు పెద్దగా రాయని విషయం.

రొట్టె ఎండిపోయి గట్టిపడుతుందని అనుకుంటాం. గాలి తగలకుండా డబ్బాలో పెట్టినా అది గట్టిపడుతుంది. కాలేటప్పుడు పిండిలోని స్టార్చ్ రేణువులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. చల్లారాక వాటిలోని అమైలోపెక్టిన్ గొలుసులు మళ్లీ దగ్గరకు చేరి వరసగా బిగుసుకుంటాయి. రాత్రి మిగిలిన అన్నం తెల్లారేసరికి పలుకు బిరుసెక్కడానికీ ఇదే కారణం. ఈ బిగుసుకుపోవడాన్ని కొవ్వు నెమ్మదింపజేస్తుంది. హల్లాలో ఆ పని నూనె, గుడ్డు పచ్చసొన చేస్తాయి. వెన్న వాడరు. మాంసాన్నీ పాలనూ ఒకే భోజనంలో కలపకూడదన్నది కోషర్ అనే యూదుల ఆహార నియమం, సబ్బాతు భోజనంలోనేమో మాంసం సాధారణం. నియమం కోసం వేసిన నూనె మరో మేలు కూడా చేస్తుంది. చల్లారాక వెన్న గడ్డకడుతుంది, నూనె కట్టదు. అందుకే మర్నాడు కూడా ముక్క నోటికి మెత్తగా తగులుతుంది.

దక్షిణ జర్మనీ యూదులు ఇంకో దారి పట్టారు. బెర్ఖెస్ అనే తమ సబ్బాతు రొట్టెలో ఉడికించి మెదిపిన బంగాళదుంప కలిపేవారు. తరచూ గుడ్డు ఉండదు, పైన గసగసాలు చల్లుతారు. ఉడికిన దుంపలో స్టార్చ్ అప్పటికే ఉబ్బి నీటిని పట్టుకుని ఉంటుంది. పైగా ఆ స్టార్చ్‌కు ఫాస్ఫేట్ సమూహాలు అతుక్కుని ఉంటాయి, అవి గొలుసులను ఒకదానికొకటి దగ్గర కానివ్వవు. గుడ్డు లేని లోటును దుంప తీరుస్తుంది. నాజీల బారి నుంచి తప్పించుకుని న్యూయార్క్‌లోని వాషింగ్టన్ హైట్స్‌లో స్థిరపడ్డ కుటుంబాలు ఈ రొట్టెను కూడా వెంట తీసుకెళ్లాయి.

గుమ్మడి కథ స్పెయిన్ వైపు నుంచి వస్తుంది. 1492లో అక్కడి నుంచి వెళ్లగొట్టబడిన యూదుల సంతతి సెఫార్డీలు. వాళ్ల వంటల్లో గుమ్మడి రొట్టెకు మంచి స్థానం ఉంది. కొలంబస్ ఓడ ఎక్కింది కూడా ఆ ఏడాదే. గుమ్మడి అమెరికా ఖండపు పంట కాబట్టి వాళ్ల వంటల్లోకి అది ఆ తర్వాతే వచ్చింది. యూదుల కొత్త సంవత్సరాన పెట్టుకోమని వాళ్ల ప్రాచీన ధర్మగ్రంథం తాల్ముద్ చెప్పిన జాబితాలో సొరజాతి కాయ, బీట్ ఆకు, ఖర్జూరం ఉన్నాయి. అప్పటి కాయ మన ఆనపకాయ వంటిదై ఉండాలి. దాని చోటును చాలా ఇళ్లలో తర్వాత గుమ్మడి తీసుకుంది.

వంటలో గుమ్మడిది దుంప తీరు కాదు. అందులో దాదాపు 90 శాతం నీరే. 500 గ్రాముల మైదాలో 200 గ్రాముల మెదిపిన గుమ్మడి వేస్తే 180 గ్రాముల నీళ్లు పోసినట్టే. అది లెక్కలోకి తీసుకోకుండా మామూలు కొలతలో నీళ్లు పోస్తే ముద్ద చేతికి అంటుకుని పాయలుగా సాగదు. పిసికేకొద్దీ గ్లయడిన్, గ్లూటెనిన్ అనే మాంసకృత్తులు కలిసి గ్లూటెన్ వలగా అల్లుకుంటాయి. ఈస్ట్ వదిలే వాయువును పట్టి ఉంచేది ఆ వలే. గుమ్మడి పీచు దాన్ని అక్కడక్కడా తెంపుతుంది, అందుకే పిసకడం కాస్త ఎక్కువ కావాలి. లాగిన పాయ వెనక్కి ముడుచుకుంటే గుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేయండి, వల సడలి మళ్లీ సాగుతుంది.

రంగు విషయంలో గుమ్మడికి తిరుగులేదు. దాని కెరోటినాయిడ్లు నూనెలో, పచ్చసొనలో కరుగుతాయి, ఓవెన్ వేడికి చాలావరకు తట్టుకుంటాయి. బీట్‌రూట్ ఎరుపుకు కారణమైన బీటానిన్‌కు వేడి పడదు. ముద్దగా ఉన్నప్పుడు కళ్లు చెదిరే రంగు, కాలాక గోధుమరంగులోకి దిగిపోతుంది. రుచి కోసం పచ్చి వెల్లుల్లి నూరి కలిపితే అందులోని అల్లిసిన్ ఈస్ట్‌ను అణచేస్తుంది, వేయించి కలపడమే మేలు.

ఇక విశ్వాసం. ఈ సంప్రదాయంలో నాకు అన్నింటికంటే గౌరవం కలిగించేది, అది ప్రార్థన కంటే ముందే సరుకును చేతిలోకి తీసుకుని చూడమనడం. పురుగు తినడం నిషిద్ధం కాబట్టి పాలకూర కలపాలంటే ప్రతి ఆకునూ వెలుతురుకు పట్టి రెండువైపులా చూస్తారు. గుడ్డును వేరే గిన్నెలో కొట్టి రక్తపు చుక్క ఉందేమో చూస్తారు. ముద్ద పెద్దదైతే చిన్న ముక్క తీసి పక్కన పెట్టాలి. సంఖ్యాకాండము 15వ అధ్యాయం చెప్పే యాజకుల భాగం అది. సా.శ. 70లో యెరూషలేము ఆలయం కూలింది, ఇప్పుడు ఆ ముక్కను కాల్చేస్తారు. ఎంత పిండికి ఆ బాధ్యత వస్తుందో కూడా కొలత ఉంది: 43 గుడ్లు, మరో గుడ్డులో అయిదో వంతు పట్టేంత ఘనపరిమాణం. ఈ కొలత పిండిదే, అందులో గుమ్మడి లెక్కకు రాదు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే అయిదు ధాన్యాల పిండికే ఈ నియమం.

తీపి గురించి సెఫార్డీలది ఇంకా గట్టి పట్టు. పిండిలో తియ్యదనం నాలుకకు స్పష్టంగా తెలిస్తే వాళ్ల లెక్కలో అది రొట్టె కాదు, తినేముందు చెప్పాల్సిన ఆశీర్వచనమే మారిపోతుంది. తీపి గుమ్మడికి పంచదార కూడా తోడైతే ఆ గీత దాటడం తేలిక.

చేసి చూడదలచినవారు దుంపనైనా గుమ్మడినైనా ఉడికించాక పూర్తిగా చల్లారనివ్వండి, వేడి ముద్దలో ఈస్ట్ చచ్చిపోతుంది. నీళ్లు చివర్లో, చెంచాలతో పోయండి. రొట్టె నడిమి భాగం 90 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే కాలినట్టే. రంగు కావాలంటే గుమ్మడి వేసుకోండి. మర్నాటికి మెత్తగా ఉండాలంటే మాత్రం బంగాళదుంపే సరైనది.