కాలేయ చికిత్సకు బీమా సొమ్ము
కామెర్లు తగ్గిన పిదప రోగులు రసీదుల కట్ట తెచ్చి, “డాక్టరు గారూ, వీటికి బీమా సొమ్ము వస్తుందా?” అని నన్ను అడుగుతుంటారు. నేలఉసిరి చూర్ణమో, లివర్ టానిక్కో అంగడిలో కొని ఇంట వాడుకొనినచో సాధారణ పాలసీ ఏమీ చెల్లించదు. విటమిన్లు సైతం ఆసుపత్రి చికిత్సలో భాగంగా వైద్యుడు వ్రాసినవైతేనే లెక్కకు వస్తాయి. ఆయుర్వేద వైద్యశాలలో ఇన్‌పేషెంటుగా పొందిన చికిత్సను ఇతర వైద్యాలతో సమానంగా చూడవలెనని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. కనుక చేరికకు ముందువెనుకల మందుల బిల్లులను కూడా పారవేయకండి.

పాలసీ తీసుకొనునపుడు పాత జబ్బును దాచరాదు. వెల్లడించినచో నిరీక్షణ గరిష్ఠంగా 36 నెలలు. దాచినచో పాలసీయే రద్దు కావచ్చును. మద్యపానం వలన చెడిన కాలేయానికైతే తరచుగా మినహాయింపే. ఆ సంగతి ఇల్లాలితో చెప్పవలసి వచ్చినపుడు నాకు నోరు రాదు.