స్కూలు బోర్డులో విద్యార్థి ఓటు

మన దగ్గర బడి సంగతులు పైనుంచి వచ్చే జి.ఓ.లతో తేలిపోతాయి. అమెరికాలో చాలాచోట్ల స్థానికులే ఓట్లేసి స్కూలు బోర్డును ఎన్నుకుంటారు. వాషింగ్టన్ నగరాన్ని ఆనుకుని, మేరీలాండ్ రాష్ట్రంలో మాంట్‌గోమరీ కౌంటీ ఉంది. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. జనాభా పది లక్షల పైచిలుకు. ప్రభుత్వ బడుల్లో పిల్లలే లక్షన్నర దాటి ఉంటారు.

బోర్డులో ఎనిమిది మంది. ఏడుగురిని కౌంటీ ఓటర్లు నాలుగేళ్ళకి ఎన్నుకుంటారు. బ్యాలెట్టు మీద పార్టీ పేరుండదు. అంతమాత్రాన రాజకీయం లేదనుకునేరు! టీచర్ల సంఘం తాను బలపరిచేవాళ్ళ పేర్లతో ‘ఆపిల్ బ్యాలెట్’ అచ్చేసి పోలింగు స్టేషన్ల దగ్గర పంచుతుంది.

ఎనిమిదో మెంబరు విద్యార్థి. నేనీ వ్యాసం రాయడానికి కారణమే అది. ఆరో తరగతి నుంచి పై క్లాసుల పిల్లలందరూ ఓట్లేసి ఏడాది కాలానికి ఎన్నుకుంటారు. ఇది అలంకారపు పదవి కాదు. బడ్జెట్టు మీదా, స్కూళ్ళ మూసివేత మీదా ఈ ఓటు పెద్దల ఓటుతో సమానం. (మన సంఘాల్లో టీ ఖర్చుకి కూడా ప్రిన్సిపాల్ గారి సంతకం కావాలి!) ఉద్యోగులపై క్రమశిక్షణ చర్యల్లో మాత్రం ఓటు లేదు, అది సబబే.

పక్కనే ఉన్న హోవర్డ్ కౌంటీలో ఇలాంటి ఓటే కోర్టుకెక్కింది. 2020లో కోవిడ్ వేళ, బడులు తెరవడం గురించి బోర్డు 4–4గా చీలిపోయింది. ఆ నాలుగింటిలో ఒకటి విద్యార్థి ఓటు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి ఈ అధికారమేమిటని కొందరు తల్లిదండ్రులు దావా వేశారు. పదవిని శాసనసభే చట్టం చేసి సృష్టించింది గనుక సాధారణ ఎన్నికల వయోపరిమితి దీనికి వర్తించదని 2022లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తేల్చింది.